పాత కారులో ఏసీ కంప్రెసర్ ఒక్కటే మారిస్తే సరిపోతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: కారుకి పదిహేనేళ్లు దగ్గరపడ్డాయి. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఏసీ పర్వాలేదు, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలి వస్తోంది. ఏసీ వేయగానే బానెట్ కింద గరగరమని శబ్దం. మెకానిక్ కంప్రెసర్ (ఏసీ గ్యాస్‌ని నొక్కి తిప్పే పంపు) పోయిందన్నాడు. అదొక్కటే మార్పిస్తే చాలా, రీకండిషన్ చేసింది పెట్టించుకోవచ్చా?

ఒక్కటే మారిస్తే చాలాసార్లు చాలదు. నా పాత కారుకి ఈ పని చేయించినప్పుడు దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నాను. అయితే అంతకంటే ముందు, కంప్రెసర్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి.

ఇంజన్ స్టార్ట్ చేసి, ఏసీ ఆపేసి వినండి. అప్పుడు కూడా గరగర వస్తుంటే ముందు పుల్లీ బేరింగ్‌ని అనుమానించాలి. ఏసీ వేసినా వేయకపోయినా పుల్లీ బెల్టుతో పాటు తిరుగుతూనే ఉంటుంది. చాలా మోడళ్లలో ఆ బేరింగ్ విడిగా మార్చొచ్చు, గ్యాస్ తీయాల్సిన పని కూడా ఉండదు. మీకు ఏసీ వేస్తేనే శబ్దం వస్తోంది అంటున్నారు కాబట్టి కంప్రెసర్ క్లచ్ (ఏసీ వేసినప్పుడు పుల్లీని కంప్రెసర్‌తో కలిపేది) జారుతూ ఉండాలి, లేదా కంప్రెసర్ లోపలి భాగాలు అరిగి ఉండాలి. క్లచ్ ప్లేటుకీ పుల్లీకీ మధ్య సందు మామూలుగా అర మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ప్లేటు అరిగి ఆ సందు పెరుగుతుంది. ఇంజన్ బాగా వేడెక్కాక కాయిల్ అయస్కాంతం బలం తగ్గి ప్లేటుని లాక్కోలేదు. అలాంటి ఏసీ పొద్దున బాగానే ఉంటుంది, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మొరాయిస్తుంది. చాలావాటికి లోపలి షిమ్ (పల్చటి రింగు) ఒకటి తీసి సందు తగ్గిస్తే సరిపోతుంది. ఈ చిన్న సంగతికి కంప్రెసర్ మొత్తం మార్పించుకున్నవాళ్లూ ఉన్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

తర్వాత ప్రెషర్ కొలిచే గేజ్‌లు పెట్టించండి. ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు కనిపించే ప్రెషర్ గ్యాస్ ఎంత ఉందో చెప్పదు. వ్యవస్థలో కొంచెం ద్రవరూపంలో గ్యాస్ మిగిలి ఉన్నా, ఆర్-134ఏ అనే రకం గ్యాస్ అయితే 30 డిగ్రీల దగ్గర దాదాపు 97 పీఎస్ఐ చూపిస్తుంది. నిండుగా ఉన్నా అంతే, సగమే ఉన్నా అంతే. ఏసీ నడుస్తున్నప్పుడు చూడాలి. రెండు వైపులా (గ్యాస్ కంప్రెసర్‌లోకి వచ్చే లో సైడ్, బయటికి పోయే హై సైడ్) ప్రెషర్ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువై ఉండొచ్చు. అంటే ఎక్కడో లీకు ఉన్నట్టే, ఎందుకంటే ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కారు ఆగగానే హై సైడ్ బాగా పెరిగిపోతుంటే కండెన్సర్ (వేడి గ్యాస్‌ని చల్లార్చే, రేడియేటర్ లాంటి భాగం) ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. సిగ్నల్ దగ్గర వేడిగాలికి అది చాలా మామూలు కారణం, కంప్రెసర్‌తో సంబంధం లేనిది. లో సైడ్ ఉండాల్సినదానికంటే ఎక్కువ, హై సైడ్ తక్కువ ఉండి, యాక్సిలరేటర్ తొక్కితే రెండూ కాస్త దారికొస్తుంటే, అప్పుడు మీ మెకానిక్ మాట నిజమని నమ్మొచ్చు.

నాది సరిగ్గా ఈ చివరి రకమే. అంతకుముందు ఒక షాపులో గ్యాస్ తక్కువైందని నింపి పంపారు, కొన్నాళ్లు బాగానే అనిపించింది. తర్వాత చూసిన పెద్దాయన పాత కంప్రెసర్ విప్పి, అందులోని ఆయిల్‌ని తెల్లబట్ట మీద వంపాడు. ఆయిల్ తేటగా ఉండాలి. నాది బూడిదరంగులో ఉంది, ఎండలోకి పట్టుకుంటే వెండిపొడిలా మెరుస్తోంది. అదంతా కంప్రెసర్ లోపల అరిగిన లోహం. "కండెన్సర్ కూడా మార్చకపోతే కొత్తది నేను బిగించను, వేరే చోటికి తీసుకెళ్లండి" అన్నాడు. బిల్లు పెంచడానికే అంటున్నాడని నాకు అనుమానం వచ్చింది. ఆయన ఇంకేదో కారు నుంచి తీసిన పాత కండెన్సర్‌ని కోసి చూపించాడు. పైకి ఒక్క గొట్టంలా కనిపించేదాని లోపల సన్నటి దారులు పక్కపక్కనే బోలెడు ఉన్నాయి. ఒక దారి మూసుకుపోతే ఫ్లషింగ్ ద్రావణం (లోపల కడిగే మందు) పక్కదారిలోంచి పోతుంది తప్ప ఆ పొడిని కదిలించదు. ఆ పొడి మెల్లగా ఆయిల్‌తో పాటు తిరిగొచ్చి కొత్త కంప్రెసర్‌ని కూడా అరగదీస్తుంది. మామూలు పైపులని మాత్రం ఫ్లష్ చేసి వాడుకోవచ్చు.

డ్రయ్యర్ గురించి ఆలోచించే పనే లేదు, వ్యవస్థ విప్పితే మార్చాల్సిందే. అందులోని గుళికలు తేమని పీల్చుకుంటాయి, గాలి తగిలితే తొందరగా నిండిపోతాయి. పొడి కనిపిస్తే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్‌ని సన్నటి దారిలోంచి వదిలి చల్లబరిచేది) కూడా మార్పించండి. అతుకుల దగ్గరుండే రబ్బరు ఓ-రింగులన్నీ కొత్తవే వేయించండి.

ఎక్కువమంది పట్టించుకోనిది ఆయిల్. కొత్త కంప్రెసర్ కొన్నిసార్లు ఆయిల్‌తో వస్తుంది, కొన్నిసార్లు ఖాళీగా వస్తుంది. ఆయిల్‌తో వచ్చినా మొత్తం వ్యవస్థకి సరిపడా ఉందో, కొంతే ఉందో పెట్టెలోని కాగితం చూడాలి. ఎక్కువైతే చల్లదనం తగ్గుతుంది, తక్కువైతే కంప్రెసరే పట్టేస్తుంది. పీఏజీ అనే ఏసీ ఆయిల్‌లో 46, 100, 150 అని చిక్కదనాలు వేరువేరుగా ఉంటాయి, మీ కంప్రెసర్‌కి ఏది రాసి ఉంటే అదే పోయాలి. అది గాల్లోని తేమని లాగేసుకుంటుంది కాబట్టి ఎప్పుడో మూత తీసిన డబ్బా వద్దనండి. బిగించాక, బెల్టు వేయకముందే క్లచ్ ప్లేటుని చేత్తో పది పదిహేను చుట్లు తిప్పాలి. లోపల ఒకచోట చేరిన ఆయిల్‌ని స్టార్ట్ చేసిన క్షణంలోనే నొక్కబోయి వాల్వులు దెబ్బతినకుండా ఇది కాపాడుతుంది.

వాక్యూమ్ కనీసం అరగంటైనా పెట్టించండి, గంట పెడితే ఇంకా మంచిది. గాలి తీయడం ఒక్కటే కాదు, అంత తక్కువ ఒత్తిడిలో తేమ మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి పోతుంది. పంపు ఆపాక ముల్లు కదలకుండా నిలబడాలి. గ్యాస్‌ని త్రాసు మీద తూచి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్న బరువు మేరకే ఎక్కించమనండి. చిన్న కార్లలో మొత్తం అర కిలోకి అటూ ఇటూ పడుతుంది కాబట్టి గేజ్ చూసి అందాజుగా నింపితే తేడా తెలుస్తుంది. లీకు మూసే మందు డబ్బాలు అమ్ముతుంటారు, దయచేసి దాని జోలికి పోవద్దు. అది లోపల గడ్డకట్టి, తర్వాత పనిచేసేవాళ్ల యంత్రాన్ని కూడా పాడుచేస్తుంది.

ఇక రీకండిషన్ సంగతి. లోపల సీళ్లు, బేరింగులు మార్చి, పరీక్షించి, రాతపూర్వకంగా గ్యారంటీ ఇస్తే తీసుకోవచ్చు. పైన రంగు కొట్టి అమ్మేవే ఎక్కువ కనిపిస్తాయి, నాకైతే ధైర్యం చాలలేదు, కొత్తదే పెట్టించాను. తుక్కు కారు నుంచి తీసింది మాత్రం వద్దు. పైపుల నోళ్లు తెరిచి పడేసి ఉంటే లోపలికి తేమ పోయి ఉంటుంది.

గ్యాస్‌ని గాల్లోకి వదిలేయకుండా యంత్రంతో తీయించండి. పాతది విప్పినప్పుడు మీరు పక్కనే ఉండి ఆయిల్ రంగు చూసి ఇక్కడ రాయండి. తేటగా ఉంటే కండెన్సర్ ఖర్చు తప్పించుకోవచ్చు.