ఛానల్ ఉద్యోగం వదిలేటప్పుడు టీముకి బాకీ లేకుండా బయటపడటం ఎలా

మీరు విజయనగరంలో ఒక న్యూస్ ఛానల్‌కి 11 ఏళ్లుగా స్టాఫ్ రిపోర్టర్‌గా చేస్తున్నారు, వచ్చే నెలాఖరుకి మానేస్తున్నారు. టీముకి ఎలా చెప్పాలి, ఏమేం అప్పగించాలి అని అడిగారు.

శాలువా, గ్రూపు ఫొటో తర్వాత చూసుకోవచ్చు. ముందు మండలాల కంట్రిబ్యూటర్ల బిల్లులు తేల్చండి. వాళ్లకి నెల జీతం ఉండదు, స్టోరీకి ఇంత అని వస్తుంది. ఆ లెక్క వెళ్లేది మీ మెయిల్ నుంచే. కొత్తగా వచ్చినాయన "ఇది నా టైములోది కాదు" అంటే చీపురుపల్లిలోనో బొబ్బిలిలోనో ఉన్న కంట్రిబ్యూటర్ మూడు నెలల డబ్బులకి ఎవరి దగ్గరికి వెళ్తాడు? ఒక్కొక్కరికీ విడిగా షీటు వేయండి: తేదీ, స్టోరీ పేరు, పంపిన ఫైలు పేరు, టెలికాస్ట్ అయిందా లేదా, రావాల్సిన మొత్తం. అతనికి చూపించి సరే అన్నాకే బ్యూరోకి, అకౌంట్స్‌కి మెయిల్ పెట్టి, అతన్నీ అందులో కలపండి. ఫోన్లో చెప్పినదానికి రుజువు ఉండదు. కారు డ్రైవర్ ట్రిప్ షీట్లూ అంతే, పాత తేదీలకి తర్వాత ఎవరూ సంతకం పెట్టరు.

చెప్పడంలో వరుస ముఖ్యం. బ్యూరో చీఫ్‌కి చెప్పిన రోజే కెమెరామన్‌కి, డ్రైవర్‌కి ఎదురుగా కూర్చుని చెప్పండి. ఇన్నేళ్లు ఒకే కారులో తిరిగినవాళ్లు ఈ మాట వాట్సాప్ గ్రూపులో చదవకూడదు. తేదీ విషయంలో ఇంకొకటి: పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం. ఆ ముందు వారంలో మానేస్తే లైవ్ పాయింట్లు, పాసులు, కరెంటు లైను అన్నీ కెమెరామన్ నెత్తిన పడతాయి. పండగ అయ్యాక వెళ్లండి.

సామాన్లకి జాబితా రెండు కాపీలు, ఇద్దరి సంతకాలతో. కెమెరా, లెన్స్, మెమరీ కార్డులు, లైవ్ కిట్ (సిమ్‌లతో లైవ్ పంపే పెట్టె) సీరియల్ నంబర్లతో రాయండి. ఉబ్బిన బ్యాటరీ ఉంటే "ఉబ్బింది" అనే రాయండి, లేదంటే రేపు దాని ధర మీ లెక్కలోంచి కోస్తారు. మిగతా బ్యాటరీలు సగం ఛార్జ్‌తో ఇవ్వండి, నిండుగా పెట్టి నెలల తరబడి వదిలేస్తే పాడవుతాయి. లైవ్ కిట్‌లోని సిమ్‌లు ఎవరి ఆధార్ మీద ఉన్నాయో చూడండి. మీ పేరు మీద ఉన్నవి కంపెనీ పేరుకి మార్పించండి, కుదరకపోతే మూయించండి.

పాత ఫుటేజ్ కంపెనీదే, పోకుండా చూడాల్సింది మాత్రం మీరు. 2014 హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటిన తిత్లీ విజువల్స్ మళ్లీ తీయలేం. కార్డు నుంచి క్లిప్పులు మాత్రమే లాగకండి, ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయండి. టైమ్‌కోడ్ వివరాలు పక్క ఫైళ్లలో ఉంటాయి. ఫైళ్ల సంఖ్య, సైజు సరిపోల్చి, మొదటి క్లిప్, చివరి క్లిప్ ఆడించి చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి. 2022 ఏప్రిల్లో జిల్లాలు మారాయి కదా: రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లింది. పాత ఫైళ్లు పాత జిల్లా పేరుతోనే ఉంటాయి కాబట్టి ఊరి పేరుతో ఒక సూచిక రాసి పెడితే కొత్తవాళ్లకి దొరుకుతాయి.

డబ్బు సంగతి క్లుప్తంగా. గ్రాట్యుటీ అంటే చివరి బేసిక్, డీఏ కలిపి 15తో గుణించి, 26తో భాగించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. 18,000 అయితే 11 ఏళ్లకి సుమారు 1,14,231 రూపాయలు. పీఎఫ్ పోర్టల్‌లో మానేసిన తేదీ కంపెనీ వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీరే వేసుకోవచ్చు. పీఎఫ్ చందా పదేళ్లు నిండి ఉంటే పెన్షన్‌కి అర్హత వచ్చినట్టే. ఖాతా తీసేయకుండా కొత్త ఉద్యోగానికి బదిలీ చేసుకోండి. అక్రిడిటేషన్ కార్డు (జర్నలిస్టుగా ప్రభుత్వం ఇచ్చిన గుర్తింపు కార్డు) డీపీఆర్వో, అంటే జిల్లా పౌర సంబంధాల అధికారి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. బస్సు రాయితీ, జర్నలిస్టుల హెల్త్ స్కీము దానితోనే ముడిపడి ఉంటాయి కాబట్టి, ఇంట్లో ఎవరికైనా వైద్యం నడుస్తుంటే ముందే వేరే ఏర్పాటు చూసుకోండి.

అందరూ కలిసే రోజు ఆదివారం పెట్టండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు, ఎవరూ కదలలేరు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే రాజాం, ఎస్.కోట వాళ్లు చీకటి పడకముందే బస్సు అందుకుంటారు. కొత్త రిపోర్టర్‌ని కూడా పిలిచి, ఏ మండలం ఎవరిదో పేరుపేరునా పరిచయం చేయండి, ఆ బిల్లుల షీట్లు అక్కడే అందరి ముందు ఆయన చేతిలో పెట్టండి.