ఆపరేషన్ మాట తర్వాత, ముందు బ్లాక్ చేయించండి

మెడ తిప్పితే నొప్పి కంటి దాకా పాకుతోందని, మైగ్రేన్ మాత్రలు పనిచెయ్యట్లేదని, ఆపరేషన్ తప్పదేమోనని రాశారు కదండీ. కంగారు పడకండి. ఎమ్మారైలో డిస్క్ అరిగిందని వచ్చినంత మాత్రాన నొప్పి అక్కడిదే అనుకోలేం. నొప్పి లేనివాళ్లలోనూ అది కనిపిస్తుంది.

పెయిన్ స్పెషలిస్టును డయాగ్నస్టిక్ బ్లాక్ గురించి, అంటే నొప్పి ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చడానికి నరాన్ని కాసేపు మొద్దుబార్చే ఇంజెక్షన్ గురించి అడగండి. ఎక్స్‌రే తెర మీద చూస్తూ, మెడలో రెండో, మూడో పూసల మధ్య కీలు మీదుగా పోయే నరం పక్కన సన్నటి సూదితో కాస్త మత్తుమందు వేస్తారు. ఆ కొద్ది గంటలూ నొప్పి దాదాపు పోయిందా, మూలం దొరికినట్టే. ఒక్కసారికే నమ్మకుండా రెండోసారీ చేసి చూసే డాక్టరైతే ఇంకా మంచిది.

ఆ తర్వాతే రేడియోఫ్రీక్వెన్సీ. సుమారు 80 డిగ్రీల వేడితో ఆ నరాన్ని పనిచెయ్యకుండా చేస్తారు. కోత, కుట్లు ఉండవు. నరం మళ్లీ పెరుగుతుంది కాబట్టి ఉపశమనం కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాది. కొన్నాళ్లు మెడ వెనక తిమ్మిరి, నడకలో కాస్త తూలు ఉండొచ్చు. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.