చక్కెర డబ్బా దాకా చీమలు బారు ఎలా కడతాయి? రాణి చీమ చెబుతుందా?

లేదు. రాణి ఎవరికీ ఆర్డర్లు వేయదు, దాని పని గుడ్లు పెట్టడమే. దారి చూపేది వాసన. తిండి దొరికిన చీమ పుట్టకు తిరిగి వెళ్తూ పొట్ట చివరను నేలకు ఆనించి ఫెరోమోన్ అనే రసాయనం వదులుతుంది. ఆ వాసన పట్టుకుని వచ్చినవీ తిండి దొరికితే మళ్లీ అదే దారిలో ఆ రసాయనం పూస్తాయి. చక్కెర అయిపోతే పూయడం ఆగుతుంది, వాసన ఆవిరైపోతుంది.

మలక్‌పేటలో మా వంటింటి గట్టు మీద బారుకు అడ్డంగా తడిగుడ్డతో వేలెడంత తుడిచి చూశాను. అక్కడిదాకా వచ్చినవి టక్కున ఆగి, మీసాలు ఆడిస్తూ వెతికాయి. కాసేపటికి ఒకటి దాటింది, దాని వెనక మిగతావి. ఎంత ముచ్చటేసిందో!

చచ్చిన చీమనూ వాసనతోనే గుర్తుపడతాయి. శవాల్లో ఉండే ఓలియిక్ ఆమ్లం పూస్తే, బతికున్న చీమను కూడా మోసుకెళ్లి చెత్తలో పడేస్తాయని చీమల శాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్ బృందం 1958లో చూపించింది.

పనుల పంపకం చాలా జాతుల్లో వయసును బట్టి ఉంటుంది. పని చీమలన్నీ ఆడవే. వయసులో చిన్నవి లోపల పిల్లపురుగులను సాకుతాయి, పెద్దవి ప్రాణాలకు తెగించి తిండికి బయల్దేరతాయి. బయటికెళ్లేవి తగ్గిపోతే చిన్నవే ముందుగా ఆ పనిలోకి దిగుతాయి.