సందేహాలు – సమాధానాలు: స్టాప్‌వాచ్ పట్టుకున్న నాన్న

ప్రశ్న: మిత్రులం కలిసి బెంగళూరులో ఓ లఘుచిత్రం తీస్తున్నాం. 400 మీటర్లు పరుగెత్తే కుర్రాడు, కోచ్‌గా మారి వాణ్ని వేపుకుతినే తండ్రి. స్క్రిప్టు చదివినవాళ్లు తండ్రి మరీ విలన్‌లా అరుస్తున్నాడని, పరుగు సీన్లు నమ్మబుద్ధి కావడం లేదని అంటున్నారు. ఏం మార్చాలి?
– ఓ పాఠకుడు, మారతహళ్లి

జవాబు: అరుపులు సగం కొట్టేసి ఆయన చేతికి స్టాప్‌వాచ్ ఇవ్వండి. గొడవంతా అందులోనే ఉంది. ప్రాక్టీసులో ఎవరో చప్పట్లు కొడితే విని నొక్కుతాడు కాబట్టి మొదట్లోనే కాస్త ఆలస్యమవుతుంది. చివర్లో గీత దగ్గరికి రావడం కనిపిస్తూనే ఉంటుంది గనక బొటనవేలు ఆలస్యం చేయదు. అలా వాచీలో అసలు కంటే తక్కువ టైం చూపిస్తుంది. అందుకే చేతి టైంను ఎలక్ట్రానిక్ టైంతో పోల్చేటప్పుడు 400 మీటర్లకు 0.14 సెకను, 100, 200 మీటర్లకు 0.24 సెకను కలుపుతారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మిల్ఖా సింగ్ చేతి టైం 45.6, ఎలక్ట్రానిక్ లెక్కలో 45.73.

ఇప్పుడు సీను చూడండి. తండ్రి నోటుబుక్కులో 49.9 అని ఉంది. పోటీలో బోర్డు మీద 50.09 పడింది. "నా దగ్గర యాభై లోపు పరిగెత్తావు కదరా, ఇక్కడేమైంది?" అని ఆయన గొంతు పెంచకుండా అడగాలి. కొడుకు తలెత్తకుండా స్పైక్స్ లేసులు విప్పుకుంటూ ఉంటే చాలు.

ఇక పరుగు. అందర్నీ ఒకే గీత మీద నిలబెట్టకండి, చాలామంది తప్పేది ఇక్కడే. బయటి లేన్ల వంపు పొడవెక్కువ గనక రెండో లేన్ వాడు మొదటి లేన్ కంటే 7.04 మీటర్లు ముందు నుంచి, ఎనిమిదో లేన్ వాడు 53.03 మీటర్లు ముందు నుంచి బయల్దేరతారు. స్టార్టింగ్ బ్లాకులు (పాదాలు ఆనించి తోసుకుని బయల్దేరే దిమ్మెలు) తప్పనిసరి. చివరి 80 మీటర్లలో హీరో ఒక్కసారిగా వేగం పెంచి దూసుకుపోవడం కూడా వద్దు. అక్కడ అందరూ నెమ్మదిస్తారు, తక్కువ నెమ్మదించినవాడే దాటినట్టు కనిపిస్తాడు. భుజాలు చెవుల దాకా లేస్తాయి, మోకాళ్లు లేవవు, గడ్డం పైకెత్తుతుంది. నటుడి చేత 200 మీటర్లు పరుగెత్తించి వెంటనే ఆ ముక్క తీయండి, ఆయాసం నటించనక్కర్లేదు. రెండు టేకులకు మించొద్దు. అంతకుముందు ఇరవై నిమిషాలు వార్మప్ చేయించకపోతే తొడ వెనక కండరం పట్టేసి షూటింగే ఆగిపోతుంది.

కంఠీరవ స్టేడియంలో తీయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. సింథటిక్ ట్రాక్ మీద ట్రైపాడ్ మొనలు దిగకుండా కాళ్లకు రబ్బరు తొడుగులు వేయండి.

ప్రశ్న: ఫ్లడ్‌లైట్ల కింద స్లో మోషన్ తీస్తే బొమ్మ మిణుకుమిణుకుమంటోంది, ఎందుకు?
– ఓ పాఠకురాలు, కె.ఆర్.పురం

జవాబు: మన కరెంటు 50 హెర్ట్జ్. దీపం సెకనుకు 100 సార్లు ఎక్కి దిగుతుంది. కెమెరాను సెకనుకు 120 ఫ్రేముల్లో పెడితే ఆ లెక్క తప్పి వెలుగు ఊగుతుంది. 100 ఫ్రేములు, షట్టర్ 1/100 సెకను పెట్టండి. కదలిక కాస్త అలుక్కుపోయినట్టు వస్తుంది, పర్వాలేదు. కొన్ని ఎల్ఈడీలకు ఇదీ కుదరదు, ముందురోజే పది సెకన్లు తీసి చూసుకోండి.