పలుపుతాడు పొడవు

తమ్ముడూ,

టర్కీ డ్రోన్ బైరక్తార్ టీబీ2 మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బిగువుగా ఉంది, చదివిస్తుంది. అచ్చుకు మాత్రం ఇంకా సిద్ధం కాలేదు. తప్పులన్నీ దాదాపు ఒకే చోట పుట్టాయి: అంకె దొరకగానే రాసేశావు, అది దేన్ని లెక్కపెడుతోందో చూడలేదు.

మూడో పేరా తీసుకో. "27 గంటలు ఎగురుతుంది, 3,500 కిలోమీటర్ల దూరంలో ఉన్న లక్ష్యాన్ని కొడుతుంది" అన్నావు. 27 గంటలు నిజమే. 2019 జులైలో కువైట్‌లో జరిగిన ప్రదర్శనలో అది 27 గంటల 3 నిమిషాలు గాల్లో ఉంది. 3,500 ఎలా వచ్చిందో కూడా తెలుస్తూనే ఉంది. 70 నాట్ల (గంటకు 70 నాటికల్ మైళ్ల) వేగాన్ని 27తో గుణించి, నాటికల్ మైళ్లను కిలోమీటర్లు చేశావు. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ మామూలు టీబీ2 నేలమీది యాంటెన్నాతో నేరుగా రేడియోలో మాట్లాడుతుంది. భూమి గుండ్రం కాబట్టి కొంత దూరం పోయాక యాంటెన్నాకు డ్రోన్ కనపడదు. లెక్క చిన్నదే: మీటర్లలో ఎత్తుకు వర్గమూలం కట్టి 4.12తో గుణిస్తే, రేడియో అందే దూరం సుమారుగా కిలోమీటర్లలో వస్తుంది. అది మామూలుగా తిరిగే ఎత్తు 18,000 అడుగులు, అంటే దాదాపు 5,490 మీటర్లు. వర్గమూలం 74, దూరం 305 కిలోమీటర్లు. లింకు దూరం 300 కిలోమీటర్ల లోపు అని కంపెనీ వేసుకునే అంకె దీనికి సరిగ్గా సరిపోతుంది. అదే డ్రోన్ వెయ్యి మీటర్లకు దిగితే 130 కిలోమీటర్లే. మధ్యలో కొండ అడ్డొస్తే అదీ లేదు. గుంజకు కట్టిన గేదె రోజంతా మేయొచ్చు, మేసేది పలుపుతాడు అందినంత మేరే. ఉపగ్రహ లింకు ఉన్న టీబీ2ఎస్ వేరే రకం. రెంటినీ ఒకే వాక్యంలో కలపకు.

"150 కిలోల బాంబులు మోస్తుంది" అన్నదీ అలాంటిదే. 150 కిలోలు మొత్తం మోయగల బరువు. రెక్కల కింద నాలుగు కొక్కేలు ఉంటాయి. వాటికి తగిలించే మామ్-ఎల్ బాంబు ఒక్కోటి 22 కిలోలు, నాలుగూ తగిలిస్తే 88. మామ్-ఎల్‌ను క్షిపణి అని కూడా రాయకు, పత్రికలన్నీ రాస్తున్నా సరే. దానికి మోటారు లేదు. వదిలాక జారుకుంటూ వచ్చి, డ్రోన్ లక్ష్యం మీద వేసిన లేజర్ చుక్క దగ్గరే దిగుతుంది. లేజర్‌తో దారి చూపే చిన్న బాంబు అను, చాలు. ఈ తేడా పట్టింపు కోసం చెప్పడం లేదు. బాంబు దిగేదాకా లేజర్ చుక్క లక్ష్యం మీద నిలవాలి. మధ్యలో మేఘం వస్తే చుక్క తెగుతుంది. డ్రోన్ మేఘం కిందికి దిగితే శత్రువు విమాన విధ్వంసక తుపాకులకు దగ్గరవుతుంది, పైగా పలుపుతాడు కురచవుతుంది. వర్షాకాలంలో ఈ డ్రోన్ కథ ఎందుకు మారుతుందో ఈ ఒక్క వివరంతో పాఠకుడికి అర్థమవుతుంది.

ఇక "ఆపరేటర్లు". ఈ మాటకు నీ వ్యాసంలో రెండర్థాలు వచ్చాయి. ఒక పేరాలో ఖతార్, పోలండ్ ఆపరేటర్లు, తర్వాతి పేరాలో కంటెయినర్లో కూర్చున్న మనుషులు ఆపరేటర్లు. తెలుగులో ఈ ఇబ్బంది పడాల్సిన పని లేదు: 'వాడే దేశాలు', 'నడిపే సిబ్బంది'. ఆ సిబ్బందిని కాస్త దగ్గరగా చూపించు. నేలమీది కంట్రోల్ స్టేషన్ అంటే ట్రక్కు మీద పెట్టే గది. పైలట్, కెమెరా ఆయుధాలు చూసేవాడు, మిషన్ కమాండర్ అని ముగ్గురు. టేకాఫ్, ల్యాండింగ్ ఆటోమేటిక్. పైలట్ జాయ్‌స్టిక్ తిప్పుతూ యుద్ధం చేస్తాడన్న నీ వాక్యం వీడియో గేముల్లోంచి వచ్చింది, కొట్టేయి. లేజర్ చుక్కను కదలకుండా పట్టి ఉంచేవాడు పక్క కుర్చీలో ఉంటాడు.

ధర దగ్గర అందరూ జారతారు, నువ్వూ జారావు. "ఒక్కోటి 50 లక్షల డాలర్లే" అన్నావు. ఉక్రెయిన్‌కు ఒక టీబీ2 కొనిపెట్టడానికి 2022 మేలో లిథువేనియా ప్రజలు 50 లక్షల యూరోలు లక్ష్యంగా చందాలు పోగుచేశారు. ఆ తర్వాత అలాంటి అంకెలే ధరగా తిరుగుతున్నాయి. చివరికి తయారీ కంపెనీ బైకార్ ఆ డ్రోన్‌ను ఉచితంగా ఇచ్చింది. ఇప్పుడు రెండు ఒప్పందాలు పక్కపక్కన పెట్టు. 2021 మేలో పోలండ్ 24 విమానాలకు 27 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. భాగిస్తే ఒక్కోటి కోటీ 12 లక్షలు. 2023 ఏప్రిల్‌లో రొమేనియా 18 విమానాలకు 32.1 కోట్లు. భాగిస్తే కోటీ 78 లక్షలు. విమానం అదే. తేడా అంతా సంచిలో ఇంకేం ఉన్నాయన్న దాంట్లో ఉంది. పోలండ్, రొమేనియా రెండూ ఆరేసి విమానాల సెట్లుగా కొన్నాయి. ఒక సెట్టులో సాధారణంగా రెండు కంట్రోల్ స్టేషన్లు, మూడు డేటా టెర్మినళ్లు, దూరం నుంచి వీడియో చూసే పరికరాలు ఉంటాయి. శిక్షణ, విడిభాగాలు, బాంబులు, రాడార్లు ఒప్పందాన్ని బట్టి మారతాయి. కాబట్టి మొత్తాన్ని విమానాల సంఖ్యతో భాగించి "ధర" అనకు. ఒప్పందం విలువ రాసి, అందులో ఏమేం ఉన్నాయో రాయి. అవి తెలియకపోతే భాగహారం జోలికే పోకు.

తయారీ గురించి నువ్వు రాసిన రెండు వాక్యాలు చాలవు. ఇక్కడే సరుకుంది. వెనక తోసే ప్రొపెల్లరు, దాన్ని తిప్పేది 100 అశ్వశక్తి రోటాక్స్ 912 పిస్టన్ ఇంజన్. ఆస్ట్రియాలో చేసే ఈ ఇంజన్‌ను సరదాగా ఎగిరే చిన్న విమానాలకూ వాడతారు. మొదట్లో కెమెరా కెనడాది, వెస్కామ్. 2020 సెప్టెంబరు 27న మొదలైన 44 రోజుల కరాబఖ్ యుద్ధంలో ఆర్మేనియా వైపు దళాలపై అజర్‌బైజాన్ ఈ డ్రోన్లు వాడింది. అక్టోబరులో కెనడా కెమెరాల ఎగుమతి ఆపింది, 2021 ఏప్రిల్‌లో అనుమతులు రద్దు చేసింది. రోటాక్స్ మాతృసంస్థ కూడా వాడకం ఏమిటో స్పష్టంగా లేని దేశాలకు ఇంజన్లు ఆపుతామంది. బైకార్ సొంతదేశపు అసెల్సాన్ కెమెరా వైపు మళ్లింది. ఒక డ్రోన్ ఎగుమతి ఆగాలంటే దాన్ని కూల్చక్కర్లేదు, ఒక కెమెరా ఆగితే చాలు. ఆ సంగతి నీ వ్యాసంలో లేదు. 93 శాతం స్వదేశీ అని కంపెనీ చెప్పుకునే అంకె మాత్రం ఉంది. శాతం కనపడగానే అడుగు: దేనిలో శాతం? విలువలోనా, బరువులోనా, భాగాల సంఖ్యలోనా? మన హైదరాబాద్‌లో తయారై 2024 జనవరిలో నౌకాదళం చేతికొచ్చిన దృష్టి-10 డ్రోన్‌కి చెప్పిన 70 శాతాన్నీ ఇలాగే అడగాలి. స్వాభిమానం అడ్డు రాకూడదు. "ఏడాదికి 200" అన్న అంకెకూ ఇదే మందు. 2022లో బైకార్ సీఈఓ హలుక్ బైరక్తార్ చెప్పింది తయారుచేయగల సామర్థ్యం. నువ్వు తయారైనవి అని రాశావు.

ఎగుమతులకు ఒక పట్టిక గీసుకో: ప్రకటించినవి, సంతకమైనవి, చేరినవి, దళంలో చేరి ఎగురుతున్నవి. పోలండ్ 2021లో సంతకం చేసింది, మొదటి విడత 2022 అక్టోబరులో చేరింది. ఆ మధ్య కాలంలో "పోలండ్ వద్ద 24" అని రాసినవాళ్లంతా తప్పు రాశారు. ముప్పైకి పైగా దేశాలంటే కంపెనీ చెబుతున్నది ఒప్పందాల మాట. స్వీడన్‌లోని పరిశోధన సంస్థ సిప్రీ వేసే ఆయుధ బదిలీల జాబితాలో ఆర్డరు సంవత్సరం, చేరిన సంవత్సరం వేర్వేరు గడుల్లో ఉంటాయి. అక్కడ మొదలుపెట్టు. ఇంతమందికి అమ్మడం ఎలా కుదిరిందన్న ప్రశ్నకు సగం జవాబు బరువులోనే ఉంది. 500 కిలోలను 300 కిలోమీటర్లు మోయగలవాటి మీద ఎగుమతులను అదుపు చేయడానికి కొన్ని దేశాలు కుదుర్చుకున్న క్షిపణి సాంకేతికత నియంత్రణ అవగాహన గట్టిగా కూర్చుంటుంది. 150 కిలోల టీబీ2 ఆ గీతకు చాలా కింద ఉంది.

వీడియోలు. తగిలిన బాంబే బయటికి వస్తుంది, తగలనిది ఎవరూ విడుదల చేయరు. కరాబఖ్‌లో టీబీ2తో పాటు లక్ష్యం మీద పడి పేలే ఇజ్రాయెల్ హారోప్ డ్రోన్లు, శత్రువు రాడార్లను రెచ్చగొట్టడానికి పంపిన పాత ఆన్-2 విమానాలు, డ్రోన్ చూసి చెప్తే పేల్చే ఫిరంగులు ఉన్నాయి. "టీబీ2 గెలిపించింది" అన్న వాక్యం ఆ వీడియోల ఫలితం. ఉక్రెయిన్‌లో 2022 యుద్ధం మొదటి వారాల్లో టీబీ2 మెరిసి, రష్యా గగనతల రక్షణ, రేడియో సంకేతాలను అడ్డుకునే జామింగ్ కుదురుకున్నాక వెనక్కి తగ్గింది. తేదీ లేకుండా దాని సత్తా గురించి ఒక్క మాటా రాయొద్దు. ఇథియోపియాలోని డెడెబిట్ గురించి నీ వ్యాసంలో ఏమీ లేదు. 2022 జనవరిలో నిర్వాసితులు తలదాచుకున్న శిబిరంపై దాడిలో 50 మందికి పైగా చనిపోయారు. అక్కడ దొరికిన ముక్కల్ని మామ్-ఎల్‌తో పోల్చి చూశారు. "ఎగుమతుల విజయం" అన్న ఉపశీర్షిక పెట్టావు కాబట్టి, ఈ పేరా దాని కిందే రావాలి.

చివర్లో 2025 మేలో మన సరిహద్దు మీదికి వచ్చినవి బైరక్తార్లని రాశావు. పాకిస్తాన్ వద్ద అవి ఉన్న మాట నిజం. కానీ మే 9న మన సైన్యం ప్రాథమిక సమాచారంగా చెప్పిన పేరు సోంగర్. అది అసిస్‌గార్డ్ తయారీ, తుపాకీ మోసే చిన్న రోటార్ డ్రోన్. టీబీ2 రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 12 మీటర్లు. రెండూ టర్కీవే కదా అని కలిపేస్తే, ఫొటో చూసిన పాఠకుడు నీ మిగతా అంకెల్నీ నమ్మడు.

మూడో పేరా, ధర పేరా తిరగరాసి పంపు. శీర్షిక తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య