జేజి వక్కాకు రోలు

(2021 జూలైలో రాసిన జవాబు ఇది. ఫోన్ నంబరు మాత్రం ఇప్పుడు పనిచేసేది పెట్టాను.)

"మేడమ్, నాకు 22 ఏళ్లు. రాపూరు దగ్గర పల్లె మాది, నిమ్మతోట ఉంది. నెల్లూరులో హాస్టల్లో ఉండి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నా. ఏప్రిల్ 20న హాస్టల్ ఖాళీ చేసి ఇంటికొచ్చాను. రెండో రోజు జలుబు, ఒళ్లునొప్పులు. మూడు రోజుల్లో తగ్గాయని టెస్టు చేయించుకోలేదు. మే 14న మా జేజికి, అంటే నాయనమ్మకు, జ్వరం వచ్చింది. 23న ఆసుపత్రిలో కరోనాతో పోయింది. కడసారి ముఖం కూడా చూడలేదు. పెద్దకర్మ నాడు మా అత్త, నాయన వాళ్ల అక్క, అందరి ముందూ 'ఈ పిల్ల హాస్టల్ నుంచి రాకపోతే మా అమ్మ ఉండేది' అంది. అప్పట్నుంచి నిద్ర లేదు. రాత్రి రెండింటికి జేజి వక్కాకు దంచుకునే చప్పుడు వినిపిస్తుంది, గుండె దడ పట్టుకుంటుంది. చిన్నప్పట్నుంచీ జేజి పక్క మంచమే నాది. ఆ రోలు ఇంకా జేజి మంచం కిందే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మిద్దె ఎక్కితేగానీ సిగ్నల్ రాదు, ఎక్కినా పాఠం తలకెక్కదు. తమ్ముడికి ఇంటర్ పరీక్షలు రద్దయ్యాయి, నా సెమిస్టర్ సంగతి తేలడం లేదు. చదువు మానేస్తానంటే అమ్మ సంబంధాలు చూస్తానంటోంది. ఒక్కోసారి పడుకున్నదాన్ని లేవకపోతే బాగుండు అనిపిస్తుంది. నాకు పిచ్చి పడుతోందా?"

తల్లీ, నువ్వు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసినదాన్ని ముందు అడుగుతాను. లేవకపోతే బాగుండు అనిపించడం దగ్గరే ఆగిందా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లిందా? వెళ్లి ఉంటే ఈ జవాబు పూర్తిగా చదివేదాకా కూడా ఆగొద్దు. మీ నాయన్ను లేపి చెప్పు. 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అంటారు, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పడవు. ఆలోచన అంతదాకా వెళ్లకపోయినా సరే, నిమ్మతోటకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే తీయించి, నీ చేతికి అందని చోట తాళంలో పెట్టమని మీ నాయనకు చెప్పు. ఎందుకని అడిగితే 'మేడమ్ చెప్పమంది' అను. పల్లెలో ఏ ఇంటికైనా నేను ముందు చెప్పే మాట ఇదే.

ఇక ఆ చప్పుడు. పోయినవాళ్ల అడుగులో, దగ్గో, పిలుపో కొన్నాళ్లు వినిపించడం చాలామందికి జరిగేదే. దాన్ని పిచ్చి అనరు. జేజి పక్క మంచం మీద పడుకుని, ఇరవై ఏళ్లు ఆ టకటకతోనే నిద్రలేచినదానివి నువ్వు. నీ చెవి ఇంకా అలవాటు మానుకోలేదు. ఎవరో నిన్ను తిడుతున్నట్టో, ఇది చెయ్యి అని పురమాయిస్తున్నట్టో గొంతులు వినిపిస్తే మాత్రం అది వేరే సంగతి, డాక్టరుకు చెప్పాల్సిందే.

అత్త మాటకొద్దాం. నువ్వు లెక్కలు తెలిసిన పిల్లవి, నువ్వు రాసిన తేదీలనే పక్కపక్కన పెట్టి చూడు. ఈ వైరస్ ఒంట్లోకి చేరాక ఎక్కువమందికి అయిదారు రోజుల్లో బయటపడుతుంది, ఎక్కువలో ఎక్కువ 14 రోజులు అంటారు. నీ జలుబుకీ జేజి జ్వరానికీ మధ్య 22 రోజులున్నాయి. ఆ మూడు వారాల్లో మీ ఇంట్లో ఎవరూ గడప దాటలేదా? మధ్యాహ్నం 12 నుంచి కర్ఫ్యూ అని మీ నాయన పొద్దున్నే పొదలకూరు మార్కెట్టుకు నిమ్మకాయలు వేసుకుని పోలేదా? నీకు వచ్చింది కరోనానో, ఎండలో బస్సు ప్రయాణం తాలూకు జలుబో కూడా తెలియదు. ఇలా రాస్తున్నానని నేరం మీ నాయన మీదికి నెడుతున్నాననుకునేవు. అసలు ఇందులో నేరమే లేదు. నీ నుంచి ఇంకొకరికి, వాళ్ల నుంచి జేజికి వచ్చిందనే అనుకో, అప్పుడు కూడా నువ్వు చేసిందేమిటి? హాస్టల్ మూస్తే ఇంటికి రావడం. ఎక్కడికి పొమ్మంటారు మరి?

2020 మార్చిలో రాష్ట్రంలో మొదటి కేసు మన నెల్లూరులోనే తేలింది, ఇటలీ నుంచి వచ్చిన విద్యార్థికి. ఆ అబ్బాయి నయమై ఇంటికెళ్లాడు గానీ, 'ఎవరు తెచ్చారు' అనే ప్రశ్న మాత్రం మనలో ఉండిపోయింది. జ్వరం ఎలా ఉందని అడగడం కంటే ముందు అదే అడుగుతున్నాం. మీ అత్త కూడా అదే అడిగింది. ఆమె తల్లిని పోగొట్టుకుంది, తలకు నీళ్లు పోయలేదు, పసుపు రాయలేదు, నలుగురిలో కూర్చుని ఏడవలేదు. ఆ ఏడుపు నీ మీద పడింది. అనకూడని మాటే అంది, కాదనను. కానీ దాన్ని తీర్పులాగా దాచుకోకు.

మీ నాయన ఆ రోజు ఏమన్నాడో నువ్వు రాయలేదు. ఏమీ అనలేదనుకుంటా. మన మగవాళ్లు ఇలాంటప్పుడు తోటలోకి పోతారు. ఒక పొద్దున ఆయన వెంట నువ్వూ తోటకు పో. 'నాయనా, జేజి నా వల్లే పోయిందని నువ్వూ అనుకుంటున్నావా?' అని సూటిగా అడుగు. భయమేస్తుంది, తెలుసు. ఆయన నోటితో వచ్చే మాట నేను రాసే పది పేజీల కంటే పనిచేస్తుంది. అత్తకు ఏం చెప్పాలో ఆయన చూసుకుంటాడు, ఆ పని నీది కాదు.

ఆ వక్కాకు రోలు ఇంకా జేజి మంచం కిందే ఉందన్నావు. ఎవరూ ముట్టుకోలేదన్నావు. పగటిపూట, ఇంట్లో అందరూ ఉన్నప్పుడు బయటికి తీయండి. కడిగి ఎండలో పెట్టండి. అడుగున సున్నం మరక పోకపోతే పోనీ. ఆ పూట జేజి గురించి మాట్లాడుకోండి, పెంచలకోన తిరునాళ్లకు ఎట్టా తీసుకెళ్లేదో, నీకోసం ఎవరితో కొట్లాడిందో. పెద్దకర్మ నాడు మీ ఇంట్లో జరగాల్సింది ఇదే, జరగలేదు.

గుండెదడకు ఒకసారి డాక్టరుకు చూపించుకో. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించు. ఆడపిల్లల్లో రక్తం తక్కువై దడ రావడం మామూలే, మనసు సంగతనుకుని దాన్ని వదిలేస్తాం. రెండు వారాలకు కూడా నిద్ర కుదుటపడకపోతే నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల్ని కలువు. మందు రాస్తే వేసుకో, ఎవరో చెప్పారని మధ్యలో ఆపకు. ఈలోగా సాయంత్రం టీ మానెయ్. క్లాసు మంచం మీద పడుకుని వినొద్దు. రాత్రి ఫోను తమ్ముడికిచ్చెయ్, వాడికెటూ పరీక్షల్లేవు.

చదువు మానడం గురించి: ఈ నెలలో ఆ నిర్ణయం వద్దు. నిద్రలేని బుర్రతో పొలం అమ్ముతామా? అలాంటిదే ఇదీ. సెమిస్టర్ వెనకబడితే తర్వాత రాసుకోవచ్చు. మీ డిపార్ట్‌మెంటులో నువ్వు నమ్మే లెక్చరర్ ఒక్కరికి ఫోన్ చేసి, జేజి పోయిందని, సిగ్నల్ లేదని చెప్పు. చెప్పకపోతే వాళ్లకు నువ్వు హాజరు పట్టీలో ఒక సున్నావే.

మీ అమ్మతో గొడవ పెట్టుకోకు. పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అని మన సామెత, ఆవిడ అందులో రెండో సగం నమ్ముకుంది. ఆవిడకు నీ బాధ కనిపిస్తోంది, చేతికందిన మందు పెళ్లి ఒక్కటే. 'ఇప్పుడు వద్దమ్మా, ముందు నా పక్కన పడుకో' అని అడుగు. ఈ రాత్రికే అడుగు. రెండింటికి మెలకువ వస్తే ఆవిడను లేపు.

రక్తపరీక్ష కాగితం వచ్చాక మళ్లీ రాయి. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద కూర్చుని మాత్రం రాయకు.