టీకా వేసుకున్నాక పట్టిందో లేదో కూడా చూసుకో

చిరంజీవి బాబుకి పెద్దమ్మ ఆశీస్సులు.

రక్తంలో క్రియాటినిన్ 2.8కి వచ్చిందని, అంటే కిడ్నీలు దెబ్బతిన్నాయని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మన ఉద్దానంలో ఆ మాట కొత్త కాదు గానీ, సొంత ఇంట్లో వింటే గుండె జారుతుంది. ఉప్పు, బీపీ, నొప్పి మాత్రల సంగతి నీ డాక్టర్ చెప్పే ఉంటారు. ఆయన చెప్పినా నువ్వు పక్కన పెట్టిన విషయం ఒకటుంది, హెపటైటిస్ బి టీకా. రక్తం ద్వారా అంటుకుని కాలేయాన్ని దెబ్బతీసే జబ్బు అది, డయాలసిస్ వాళ్ళకి సోకే ప్రమాదం ఎక్కువ. "డయాలసిస్ దాకా వస్తే అప్పుడు చూద్దాంలే" అన్నావట. పన్నెండేళ్ళు డయాలసిస్ యూనిట్లో నర్సుగా చేసినదాన్ని, ఆ మాట ఎంతమంది నోట విన్నానో!

బీపీ మాత్ర వేసుకుంటే దాని పని అది చేసుకుపోతుంది. టీకా అలా కాదురా. క్రిమి ఎలా ఉంటుందో ఒంటికి చూపిస్తుంది, అంతే. దాన్ని గుర్తుపెట్టుకుని, దాంతో పోరాడే యాంటీబాడీలు తయారుచేసుకోవాల్సింది ఒళ్ళే. కిడ్నీలు వడకట్టలేని చెత్త రక్తంలో పేరుకుపోతే ఆ పని చేసే కణాలు మందగిస్తాయి. ఉప్పునీరు ఎక్కిన మడిలో విత్తనం జల్లితే ఏమవుతుందో నీకు తెలుసుగా, గింజ మంచిదే అయినా మొలక పలచగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న నలభై ఏళ్ళ లోపువాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా పట్టే ఈ టీకా, డయాలసిస్ మీదున్న చాలామందికి పట్టదు. నీకు షుగర్ కూడా ఉంది, అది ఇంకాస్త వెనక్కి లాగుతుంది. కిడ్నీలు కొంతైనా పనిచేస్తున్న ఇప్పుడే వేయించుకోమని పోరేది అందుకే.

పలాస కిడ్నీ ఆసుపత్రికి వెళ్ళినా, బరంపురం వెళ్ళినా ముందు హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించు. ఒంట్లో జబ్బు ఇప్పటికే ఉందా అని చూసేది అది. లేకపోతే టీకా మొదలుపెట్టొచ్చు. మామూలువాళ్ళకి 20 మైక్రోగ్రాముల చొప్పున మూడుసార్లు వేస్తారు. డయాలసిస్ వాళ్ళకి 40 మైక్రోగ్రాముల చొప్పున నాలుగుసార్లు: మొదటి రోజు, నెలకి, రెండు నెలలకి, ఆరు నెలలకి. నీ దశలోనూ చాలామంది డాక్టర్లు ఇలాగే రాస్తారు. నీకెంతో చీటీ మీద స్పష్టంగా రాయించుకో, లేకపోతే వేసేవాళ్ళు అలవాటు కొద్దీ మామూలు డోసే వేసి పంపేస్తారు.

సూది భుజానికే వేయించుకో, పిరుదుకి వద్దు. అక్కడ కొవ్వులో పడితే సరిగ్గా పట్టదు. మందుల షాపులో కొని బస్సులో తెచ్చుకునేట్టయితే చల్లగా ఉంచాలి గానీ, నేరుగా ఐసుగడ్డకి ఆనించకు. గడ్డకట్టిందంటే ఆ టీకా పారేయాల్సిందే. ఒకప్పుడు విదేశాల నుంచి వచ్చే ఈ టీకా పేరు చెబితేనే జనం జేబు తడుముకునేవారు. 1997లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్ తయారుచేశాక ధర దిగొచ్చింది.

నాలుగో డోసు దగ్గరే అందరూ జారిపోతారు. మూడు పడ్డాక పనైపోయిందనుకుంటారు. నువ్వు ఈ జులైలో మొదలుపెడితే నాలుగోది జనవరిలో, సరిగ్గా సంక్రాంతి హడావుడిలో పడుతుంది. కొబ్బరి లోడు ఉందని వాయిదా వెయ్యకు.

అది పడిన నెల, రెండు నెలల్లో యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చూపించుకో, రక్తంలో ఆ యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే పరీక్ష అది. 10 యూనిట్లు, ఆపైన ఉంటే పట్టినట్టు. తగ్గితే మళ్ళీ ఒక విడత వేస్తారు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. డయాలసిస్ మొదలైతే మాత్రం ఏడాదికోసారి చూడాలి, ఉన్న యాంటీబాడీలు కరిగిపోతూ ఉంటాయి.

ల్యాబులో ఈ రెండు పరీక్షల పేర్లు తారుమారు కాకుండా చూసుకో. ఒకసారి నేనే పొరపడ్డాను. టీకా పడి వారం కూడా కాని ఒకాయన రక్తం హెచ్‌బీఎస్ఏజీకి పంపాను, పాజిటివ్ వచ్చింది. ఆయన్ని విడి మెషీన్ మీదకి మార్చాం. ఆయన భార్య ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ఆ పరీక్ష వెతికే పదార్థమే టీకాలోనూ ఉంటుంది కదా, కొద్దిరోజులు రక్తంలో కనిపించొచ్చని మాకు తర్వాత తట్టింది. మూడు వారాలకి చూస్తే నెగెటివ్. అందుకే టీకా పడిన నెల లోపు ఆ పరీక్ష వద్దు.

ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియాది డాక్టర్ చెప్పినప్పుడు వేయించుకో. రేపు మార్పిడి దాకా వెళ్తే, కిడ్నీని ఒళ్ళు తోసిపుచ్చకుండా ఇచ్చే మందులు టీకా ప్రభావాన్ని ఇంకా తగ్గిస్తాయి. ఆటలమ్మ టీకాలాంటి బతికున్న క్రిమితో చేసినవైతే అప్పుడు ఇవ్వనే ఇవ్వరు. అవి కావాలంటే ముందే అడుగు.

ఇంకోటి, ఇంజెక్షన్ కుడి భుజానికి చేయించుకో. ఎడమ చేతి నరాల్లోంచి రక్తం కూడా తియ్యనివ్వకు, ఎప్పుడైనా ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపే ఆపరేషన్, అవసరమైతే ఆ చెయ్యే కావాలి. మొదటి డోసు వేయించుకున్న రోజు చీటీ ఫోటో వాట్సాప్‌లో పెట్టు, మిగతా తేదీలు నా క్యాలెండర్లో నేను గుర్తుపెట్టుకుంటాను.

మీ పెద్దమ్మ